పాత స్పార్క్ ప్లగ్గులు చూసి కారు ఇంజిన్ ఎలా ఉందో తెలుసుకోవడం ఎలా?

"ప్లగ్గు నల్లగా ఉంది, ఇంజిన్ పని అయిపోయినట్టేనా?" ఈ ప్రశ్న, దాంతోపాటు ఒక మసక ఫొటో నాకు తరచూ వస్తూనే ఉంటాయి. ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: మిగతా మూడు ప్లగ్గులు ఎలా ఉన్నాయి? చాలామంది దగ్గర దానికి జవాబుండదు. అప్పటికే నాలుగింటినీ ఒకే కవర్లో పడేసి ఉంటారు. ఏది ఏ సిలిండర్‌దో ఇక తెలిసే దారి లేదు.

అందుకే మొదటే చెబుతున్నాను. ఒక్క ప్లగ్గు రంగు చూసి ఏదీ తేల్చకండి. పక్క ప్లగ్గుతో పోలిస్తే దానికి ఉన్న తేడాయే అసలు సంగతి చెబుతుంది.

ఇది పెట్రోల్, సీఎన్‌జీ, ఎల్పీజీ ఇంజిన్లకే. డీజిల్ ఇంజిన్‌లో ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి లెక్క వేరు.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం కూడా కొంచెమే. ప్లగ్గు కొసన, మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది కదా, అది నడుస్తున్నప్పుడు సుమారు 500 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే చల్లగా ఉంటే మసి కాలిపోకుండా పేరుకుంటుంది. మరీ వేడెక్కితే స్పార్క్ రాకముందే ఆ ముక్కే మంట అంటించేస్తుంది. మనం చదవబోయే మరకలన్నీ ఈ రెండు హద్దుల మధ్య జరిగిన కథే.

కావలసినవి

- ప్లగ్ సాకెట్. చాలా కార్లకు 16 మి.మీ. లేదా 21 మి.మీ. సరిపోతుంది. కొన్నింటికి పలుచటి గోడ ఉన్న 14 మి.మీ. సాకెట్ కావాలి. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది తీసుకోండి, ప్లగ్గు జారి పడదు
- రాట్చెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా)
- గాలి కొట్టడానికి కంప్రెసర్ లేదా బ్లోయర్. ఏదీ లేకపోతే చేతి పంపు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి
- వైర్ రకం గ్యాప్ గేజ్ (ప్లగ్గు కొసన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు కొలిచేది)
- టార్చ్, భూతద్దం
- వరసగా రంధ్రాలు చేసి 1, 2, 3, 4 అని రాసిన అట్టముక్క
- మీ కారు మాన్యువల్. అందులో ప్లగ్గు నంబరు, గ్యాప్, టార్క్ ఉంటాయి

కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే చవకైన ఓబీడీ స్కానర్ ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

విప్పే ముందు ఒకసారి నడపండి

ఈ మెట్టు దాదాపు అందరూ వదిలేస్తారు. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి ప్లగ్గులు తీస్తే మంచి ఇంజిన్‌లో కూడా అవి నల్లగానే వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, కావాలనే పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది. మీకు కనిపించేది ఆ రెండు నిమిషాల మసే.

కాబట్టి ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో 20, 30 నిమిషాలు నడిపి రండి. వచ్చాక ఐడిల్‌లో ఉంచకుండా వెంటనే ఆపేయండి. టర్బో ఇంజిన్ అయితే చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా వచ్చి ఆపండి. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. తొందర వద్దు, రాత్రంతా వదిలేసినా మంచిదే.

ప్లగ్గులు తీయడం

1. ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. హైబ్రిడ్ కారులో ఇంజిన్ దానంతటదే స్టార్టయ్యే ప్రమాదం ఉంది, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతి పాటించకుండా చెయ్యి పెట్టకండి.

2. సిలిండర్ నంబర్లు ఖాయం చేసుకోండి. వరస ఇంజిన్లలో చాలావరకు టైమింగ్ బెల్టు లేదా చైన్ ఉన్న వైపు ఒకటో సిలిండర్. వీ6 లాంటి వాటికి మాన్యువల్ చూడాల్సిందే.

3. ప్లగ్గు మీద కూర్చుని దానికి అధిక వోల్టేజీ ఇచ్చేది కాయిల్. దాని కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, వైర్లు పట్టుకుని లాగకండి. బోల్టు విప్పాక కాయిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పి పైకి లాగండి. పాతకాలపు ప్లగ్ వైర్లు ఉన్న కారైతే ఒక్కో వైరు మీద నంబరు రాశాకే తీయండి. వైర్లు తారుమారైతే ఇంజిన్ దగ్గుతుంది, మీకు టెన్షన్ మొదలవుతుంది.

4. ప్లగ్గు కూర్చున్న గుంటలోకి టార్చ్ వేసి చూడండి. ఆయిల్ ఉందా? నీళ్లు చేరాయా? ఉంటే ఫొటో తీసి, ఏ నంబరో రాసుకోండి. ఇది తర్వాత చాలా పనికొస్తుంది. ఆయిల్ నిలిచి ఉంటే గుడ్డతో పీల్చేయండి.

5. గుంటలోకి గాలి కొట్టండి. ప్లగ్గును పావు చుట్టు వదులు చేసి మళ్లీ కొట్టండి. అక్కడున్న ఇసుక రేణువు ఒక్కటి సిలిండర్‌లో పడినా గోడ మీద గీత పడుతుంది.

6. ఇప్పుడు విప్పండి. వదులైన తర్వాత కూడా గట్టిగా పట్టేస్తుంటే బలప్రయోగం వద్దు. కొద్దిగా తిరిగి బిగించి, తుప్పు వదిలించే ఆయిల్ రెండు చుక్కలు వేసి, కాసేపు ఆగి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయండి. ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, ప్లగ్గు మర ఉక్కుది. ఈ కుస్తీలో ఓడేది హెడ్డే. మర మీద వెండి రంగు తురుము అంటుకుని వస్తే పని ఆపి, మర బాగుచేసే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

7. తీసిన ప్రతిదాన్నీ వెంటనే అట్టముక్కలో దాని నంబరు రంధ్రంలో పెట్టండి. తుడవకండి. చేతికి మసి అంటిందని గుడ్డతో తుడిచేసి, "ఏమీ లేదే!" అన్నవాళ్లను చూశాను. పగటి వెలుతురులో, నాలుగూ పక్కపక్కన ఉండేలా ఫొటో తీయండి. బల్బు పసుపు వెలుతురులో తెల్లది కూడా గోధుమ రంగులో కనిపిస్తుంది.

చదవడం

దగ్గరికి తీసుకుని చూడకముందు రెండడుగులు వెనక్కి నిలబడి నాలుగింటినీ కలిపి చూడండి.

నాలుగూ ఒకేలా ఉన్నాయంటే, బాగున్నా బాగాలేకపోయినా, కారణం అన్నింటికీ ఉమ్మడిది: ఎయిర్ ఫిల్టర్, సెన్సర్, ఫ్యూయల్ ప్రెషర్, లేదా మీరు నడిపే తీరు. ఒక్కటే తేడాగా ఉంటే తప్పు ఆ సిలిండర్‌లోనే ఉంది: దాని కాయిల్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, వాల్వు, పిస్టన్ రింగు. పక్కపక్కన ఉన్న రెండు తేడాగా ఉంటే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ హెడ్ కింద ఉండే ప్యాకింగ్‌ను) అనుమానించాలి. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే ఇంజిన్లలో ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జతగా ఉంటాయి. ఒక జత మొత్తం చెడితే ముందు కాయిల్ చూడండి. ఇలాంటి ఇంజిన్లలో జతలోని రెంటికీ స్పార్క్ ఎదురెదురు దిశల్లో వెళ్తుంది. అందుకే ఒకదాంట్లో మధ్య ఎలక్ట్రోడ్, రెండోదాంట్లో పక్క ఎలక్ట్రోడ్ ఎక్కువ అరుగుతాయి. అది జబ్బు కాదు.

ఇక దగ్గరగా చూద్దాం. పైనుంచి కిందికి రండి.

*పై పింగాణీ.* షట్కోణం లోహానికి కాస్త పైన గోధుమ రంగు వలయం కనిపిస్తే భయపడకండి. అధిక వోల్టేజీ చుట్టూ ఉన్న గాలిలోని ఆయిల్, దుమ్ము అక్కడ అంటుకుని ఏర్పడే మరక అది. గ్యాస్ లీకని పొరబడేవాళ్లు ఎక్కువ. దాన్ని వదిలేయండి. కానీ పింగాణీ మీద నిలువుగా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే కథ వేరు. స్పార్క్ లోపలికి వెళ్లకుండా బయటినుంచే దూకుతోంది. ప్లగ్గుతోపాటు దాని మీది రబ్బరు బూటు కూడా మార్చాలి. ఒక్క ప్లగ్గే మారిస్తే బూటులో ఉన్న గీత కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది.

*మర, వాషర్.* వాషర్ దాటి పైకి మసి పాకిందంటే క్రితంసారి సరిగ్గా బిగించలేదు. మర మీద ఆయిల్ తడి ఉంటే ఇందాక రాసుకున్న గుంట సంగతి గుర్తు చేసుకోండి. నా కారులో ఒకసారి మూడో ప్లగ్గు ఆయిల్‌లో ముంచి తీసినట్టు వచ్చింది. ఒక మెకానిక్ చూసి రింగులు పోయాయి, ఇంజిన్ దింపాలి అన్నాడు. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే ఆయిల్ అంతా పైభాగంలోనే ఉంది, కొసన పింగాణీ పొడిగా, లేత గోధుమ రంగులో నిక్షేపంగా ఉంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారి గుంట నిండింది, ప్లగ్గు తీసేటప్పుడు ఆ ఆయిల్ మర మీదుగా జారింది, అంతే. ప్యాకింగ్, ట్యూబ్ సీళ్లు మార్చడంతో పని పూర్తయింది. అప్పటినుంచి ఆయిల్ ఎక్కడ ఉందో చూడకుండా ఆయిల్ ఉందని ఎవరితోనూ అనను.

*పింగాణీ ముక్కు.* అసలు చదువు ఇక్కడే.

లేత గోధుమ, లేత బూడిద రంగులో పలుచటి పొడి పొర ఉంటే ఇంజిన్ బాగున్నట్టే. అయితే ఈ పాఠం పాతకాలపు కార్బొరేటర్ రోజులది. ఇప్పటి పెట్రోల్‌తో, ముఖ్యంగా ఇథనాల్ కలిసినదానితో, ప్లగ్గులు కాస్త తెల్లగానే వస్తాయి. సీఎన్‌జీ, ఎల్పీజీతో నడిచేవి ఇంకా శుభ్రంగా ఉంటాయి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజిన్లలో లోహపు అంచు మీద కొంత నల్ల మసి మామూలే.

మరి మంచి తెలుపు ఏది, చెడు తెలుపు ఏది? భూతద్దంతో చూడండి. మంచి తెలుపు సుద్దలా మెరుపు లేకుండా, నున్నగా ఉంటుంది, ఎలక్ట్రోడ్ అంచులు అలాగే ఉంటాయి. చెడు తెలుపులో పింగాణీ మీద బొబ్బలు, గాజులాంటి మెరుపు, ఎలక్ట్రోడ్ మీద నీలి ఛాయ, కరిగి గుండ్రబడిన కొసలు కనిపిస్తాయి. అది అతివేడి. గాలి దొంగచాటుగా లోపలికి వస్తుండవచ్చు, ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, కూలింగ్ సరిగా లేకపోవచ్చు, లేదా తప్పు హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందన్న లెక్క) ఉన్న ప్లగ్గు వేసి ఉండవచ్చు. హీట్ రేంజ్ దగ్గర ఒక చిక్కుంది: ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లటిది, బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగేకొద్దీ వేడిది. బ్రాండు మార్చేటప్పుడు నంబరు దగ్గరగా ఉందని వేసేయడం వల్ల వచ్చే తంటా ఇది.

పొడిగా, ముఖమల్ గుడ్డలా, వేలికి అంటే నల్ల మసి: పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, లేదా స్పార్క్ బలహీనం. నాలుగింటి మీదా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపేసే కార్లలో ఏ లోపం లేకుండానే ఇలా వస్తుంది. ఒక్కదాని మీదే ఉంటే కారే ఇంజెక్టర్ లేదా బలహీనమైన కాయిల్.

తడి నలుపులో పెట్రోలా ఆయిలా అన్నది తెలియాలి. వాసనతో తేలకపోతే కొసను తెల్ల కాగితానికి మెల్లగా ఆనించి, మంటలకు దూరంగా అరగంట ఉంచండి. ముందు ఫొటో తీయడం మరవకండి. మచ్చ ఆరిపోతే పెట్రోల్, అంటే ఆ సిలిండర్ మండడం లేదు. కాగితం మీద జిడ్డు మచ్చ మిగిలితే ఆయిల్.

ఆయిల్ అయితే వాల్వ్ సీళ్లా, రింగులా? ప్లగ్గు ఒక్కటే చెప్పలేదు, పొగను కూడా అడగాలి. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేయగానే నీలి పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే సీళ్ల వైపు, రేసు ఇచ్చి లాగుతున్నప్పుడు వస్తూనే ఉంటే రింగుల వైపు మొగ్గు. ఈలోగా పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి వదిలే చిన్న వాల్వు) మూసుకుపోయిందేమో చూడండి, చిన్న సామానే పెద్ద జబ్బులా నటిస్తుంది. ఆయిల్ చాలాకాలంగా కాలుతుంటే తడి కాకుండా బూడిద లాంటి తెల్లటి పెచ్చులు కడతాయి.

నాలుగింట్లో ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు వింతగా శుభ్రంగా ఉంటే సంతోషించకండి. నన్నడిగితే అన్నింటికంటే భయపడాల్సింది దీనికే. కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్తోందేమో చూడాలి. కొన్నిసార్లు ఆ శుభ్రత మధ్యన కూలెంట్ రంగు పెచ్చులు కూడా ఉంటాయి. కూలెంట్ తగ్గుతోందా, ఉదయం తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా గమనించండి. రేడియేటర్ మూతి దగ్గర పెట్టి చేసే గ్యాస్ పరీక్ష ఒకటి ఉంది. కాలిన వాయువు కూలెంట్‌లోకి చేరితే అందులోని నీలి ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఆ పరీక్ష చేయించేదాకా దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

మిరియాల పొడి చల్లినట్టు నల్లటి, వెండి రంగు చుక్కలు ఉంటే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండడం. వెండి చుక్కలు పిస్టన్ అల్యూమినియం కావచ్చు. కారు మీద భారం పెట్టడం ఆపి కారణం వెతకండి. ఎరుపు, నారింజ పొర మాత్రం తుప్పులా కనిపించినా చాలావరకు పెట్రోల్‌లో కలిపే మందుల వల్లే వస్తుంది.

పింగాణీ ముక్క విరిగి ఉన్నా, ఎలక్ట్రోడ్ నలిగి మధ్యదాన్ని అంటుకుని ఉన్నా *ఇంజిన్ స్టార్ట్ చేయకండి*. విరిగిన ముక్క లోపలే ఉండొచ్చు. బోరోస్కోప్ కెమెరాతో చూసి తీయించాలి.

గ్యాప్ కొలవండి

చాలా ఇంజిన్లకు గ్యాప్ 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. మీదెంతో మాన్యువల్‌లో చూడండి. 1.1 ఉండాల్సింది 1.4కు చేరితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, కాయిల్ నలుగుతుంది. ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉన్నాయా, గులకరాయిలా గుండ్రబడ్డాయా చూడండి. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల కిలోమీటర్లకు, ఇరిడియంవి సుమారు లక్షకు ఈ స్థితికి రావడం సహజం. పది వేలకే వస్తే మాత్రం ప్లగ్గు తప్పు కాదు.

ఇరిడియం కొస సూదిలా సన్నగా ఉంటుంది. నాణెం ఆకారపు గేజ్ దూర్చి తిప్పితే విరుగుతుంది. వైర్ గేజ్‌తో మెల్లగా కొలవండి.

అనుమానాన్ని రుజువు చేసుకోండి

ప్లగ్గు అనుమానం పుట్టిస్తుంది, తీర్పు చెప్పదు. ఖర్చులేని పరీక్ష నుంచి మొదలుపెట్టండి.

- ఇంజిన్ మిస్సవుతుంటే చెడ్డ సిలిండర్ కాయిల్‌ను మంచి సిలిండర్‌కు మార్చి బిగించండి. ఉదాహరణకు మూడో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చారనుకోండి. స్కానర్‌లో పి0303 (మూడో సిలిండర్ మిస్సవుతోందని చెప్పే కోడ్) ఉన్నది పి0302 అయితే దోషం కాయిల్‌తోపాటు రెండుకు వచ్చింది, కాయిల్ మార్చండి. పి0303 అలాగే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లండి.
- ఆయిల్ లేదా కూలెంట్ అనుమానమైతే కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతుందో గేజ్‌తో కొలవడం. ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఫ్యూయల్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చేయాలి. బ్యాటరీ తిరిగి కలపాలి, నిండుగా ఉండాలి. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10, 15 శాతం దాటితే ఆలోచించాలి.
- తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

తిరిగి బిగించడం

కిందపడిన ప్లగ్గును వాడకండి, పగులు కంటికి కనబడదు. వైర్ బ్రష్‌తో రుద్దితే పింగాణీ మీద లోహం అంటుకుని స్పార్క్ దారి తప్పుతుంది. ఇరిడియం, ప్లాటినం అయితే కొసే పోతుంది. పెట్రోల్‌తో తడిసినదాన్ని మాత్రం ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు.

మొదట చేత్తోనే తిప్పండి. రాట్చెట్ లేకుండా, ఎక్స్‌టెన్షన్‌ను వేళ్లతో పట్టుకుని. పట్టేస్తే మర వంకరగా ఎక్కింది, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. చివర టార్క్ రెంచ్: 14 మి.మీ. మర, వాషర్ ఉన్న ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకు 15 నుంచి 20. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. టార్క్ రెంచ్ లేకపోతే, 14 మి.మీ. కొత్త ప్లగ్గు చేత్తో ఆగాక అర చుట్టు నుంచి, ఒక చుట్టులో మూడింట రెండు వంతుల దాకా. పాత వాషర్ అప్పటికే అణిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. వాషర్ లేని, ఏటవాలు అంచు రకానికి పదహారో వంతు. మరకు గ్రీజు రాయకండి. జారుడు వల్ల అదే టార్క్‌కు ప్లగ్గు ఎక్కువ బిగుసుకుంటుంది.

రిపేరు ఏదైనా చేయించాక కొత్త ప్లగ్గులు వేయండి. పాతవే వేస్తే పాత మరకలే కనిపిస్తాయి, జబ్బు తగ్గిందో లేదో తెలియదు. తర్వాత 1000 కిలోమీటర్లు తిరిగాక, మొదట చెప్పినట్టే 20, 30 నిమిషాలు నడిపి, చల్లారనిచ్చి, రెండే రెండు తీయండి: అనుమానించిన సిలిండర్‌ది ఒకటి, బాగున్న సిలిండర్‌ది ఒకటి. పక్కపక్కన పెట్టినప్పుడు ఏది ఏదో అట్ట మీది నంబరు చూస్తేగానీ చెప్పలేకపోతే రిపేరు సరిగ్గా జరిగినట్టు. ఇంకా తేడా తెలుస్తుంటే పాత ఫొటో పక్కన పెట్టి, పరీక్షల దగ్గరినుంచి మళ్లీ మొదలుపెట్టండి.